వేణ్ణీళ్ల లెక్క

2005 డిసెంబర్ 10న మన బాగేపల్లి పేరు ఐక్యరాజ్యసమితి వాతావరణ విభాగం దస్తరంలోకి ఎక్కింది. ఎక్కించినవి గోబర్ గ్యాస్ పొయ్యిలు. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే క్యోటో ఒప్పందం అమల్లోకి వచ్చింది. పొగ తగ్గించినవాళ్లకు ఆ తగ్గుదలను టన్నుల్లో లెక్కగట్టి డబ్బు ఇప్పించే ఏర్పాటు అందులో ఉంది. ఆ ఏర్పాటులో మొదటి ఏడాదే చోటు దక్కించుకున్న పల్లె పథకం మనది. 1970ల చివర్నుంచి బాగేపల్లిలో పనిచేస్తున్న ఆడాట్స్ సంస్థ, దాని అండతో పెరిగిన కూలి సంఘం కలిసి నడిపాయి. అప్పటికి మనది ఇంకా కోలారు జిల్లానే. చిక్కబళ్లాపురం జిల్లా ఏర్పడింది 2007లో. బాగేపల్లి, గుడిబండ, చింతామణి, శిడ్లఘట్ట, చిక్కబళ్లాపురం తాలూకాల్లో 5,500 ఇళ్లకు, ఇంటికి రెండు ఘనమీటర్ల గుంత చొప్పున పథకం వేశారు. ఏడాదికి సుమారు 19,500 టన్నుల కార్బన్ డయాక్సైడు తగ్గుతుందని అంచనా కట్టారు. ఇంటికి మూడున్నర టన్నులు.

కూలికి పోయే ఇంట్లో మూడున్నర టన్నులు ఎక్కణ్నుంచి తగ్గుతాయని అనుమానం రావచ్చు. ఆ ఇళ్లలో ఫ్రిజ్జు లేదు, ఫ్యాను ఉంటే ఉంది, లేకుంటే లేదు. ఉన్నదల్లా పొయ్యి. సంగటి కెలకడానికి, చారు కాయడానికి, అన్నిటికన్నా ఎక్కువగా స్నానానికి నీళ్లు కాచడానికి కంపచెట్లు, నీలగిరి మొరళ్లు రోజూ మండాల్సిందే. వాటికోసం ఆడవాళ్లు గుట్టలెక్కి దిగిన గంటలు ఏ బిల్లులోనూ రావు. ఆ 5,500 ఇళ్ల లెక్కలో నాకు కనిపించిన సంగతి ఇదీ: ఇంటి ఖర్చు వెలుతురు దగ్గర కాదు, వేడి దగ్గర ఉంటుంది. కట్టె పోయి గ్యాసు వచ్చినా, గ్యాసు పక్కన గీజరు చేరినా ఈ సంగతి మారలేదు. అయినా మన ఇళ్లలో తిట్లన్నీ ఆర్పకుండా వదిలేసిన బల్బుకే. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు రాత్రంతా వెలిగినా అయ్యేది సుమారు పదోవంతు యూనిటే.

బకెట్ నీళ్ల సంగతి చూడండి. పుష్యమాసంలో మన దగ్గర తెల్లవారుజామున తొట్టిలో నీళ్లు చల్లగా ఉంటాయి. పదిహేను లీటర్లను ఇరవై డిగ్రీలు వేడెక్కించాలంటే మూడోవంతు యూనిట్‌కు పైగా కరెంటు కావాలి. నలుగురున్న ఇంట్లో రోజుకు సుమారు 1.4 యూనిట్లు, నెలకు 42. షవరు కింద నిలబడే అలవాటున్న బెంగళూరు మనవళ్లు సంక్రాంతికి దిగితే ఆ లెక్క నేను కట్టను. గీజరు గంటసేపు ముందే వేసి మరచిపోవడం, సగం చన్నీళ్లు కలుపుకోవాల్సినంత వేడిగా నీళ్లను అందులో నిలవ ఉంచడం రెండూ నష్టమే. స్నానానికి చాలినంత వేడిలోనే గీజరు ఆగేలా దాని మరను తిప్పి పెట్టుకోవచ్చు.

మన సీమలో ఎండకు కొదవ లేదు, మబ్బు పట్టే రోజులు తక్కువ. అందుకే మిద్దెమీద ఏ ఒక్కటైనా పెట్టమంటే నేను మొదట నీళ్లు కాచే సోలారే పెట్టమంటాను, కరెంటు పలకలు ఆ తర్వాత. నలుగురింటికి వంద లీటర్లది చాలు. దాన్ని పెట్టుకున్న ఇంటికి మన కరెంటు సంస్థ బెస్కాం చాలాకాలంగా యూనిట్‌కు 50 పైసల రాయితీ ఇస్తూ వచ్చింది, నెలకు 50 రూపాయలు మించకుండా. రాయితీ చిన్నదే. అసలు లాభం ఆ 42 యూనిట్లు మీటరు ఎక్కకపోవడం. మన ఉప్పునీళ్లకు గొట్టాల్లో గార గట్టిగా పేరుకుంటుంది కాబట్టి ఏడాదికోసారి కడిగించాలి. అది చేయించక, సోలారు పనిచేయదని గీజరుకు మళ్లినవాళ్లు చాలామందే.

వంటింటికి వస్తే, మన ఊరు సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ నీళ్లు వందకు రెండు డిగ్రీలు ముందే మరుగుతాయి. ఒకసారి మరిగాక మంట ఎంత పెంచినా ఆ వేడి పెరగదు, ఆవిరి మాత్రం పెరుగుతుంది. ఎసరు తెర్లగానే మంట తగ్గించి మూతపెట్టడం, ఉలవలూ అలసందలూ రాత్రే నానేయడం, గింజలన్నీ కుక్కరులో ఉడికించడం పెద్దవాళ్లకు చెప్పనక్కరలేదు. మూత తీసి పెట్టి ఫోను చూసుకునేవాళ్లకే చెప్పాలి.

గోబర్ గ్యాసు పాతబడిందని కొట్టిపారేస్తున్నారు గాని, పాడి ఉన్న ఇంటికి అది ఇప్పటికీ లాభమే. రోజుకు 25 కిలోల పేడ, అంతే నీళ్లు కలిపి పోస్తే సుమారు ఒక ఘనమీటరు గ్యాసు వస్తుంది. నెలంతా కూడితే దాదాపు 14.2 కిలోల సిలిండరు ఒకటి. కొట్టంలో కట్టేసి మేపే సీమావులు రెండు మూడుంటే పేడ కరువు ఉండదు. చలికాలంలో గుంతలోని సూక్ష్మజీవులు మందగించి గ్యాసు తగ్గుతుంది. అప్పుడు గోరువెచ్చని నీళ్లతో పేడ కలిపి, ఎండ పడే పూటే పోస్తారు తెలిసినవాళ్లు. బయటికి వచ్చే రొచ్చు తోటకు మంచి ఎరువు. చాలా గుంతలు పాడైంది కట్టడంలో లోపం వల్ల కాదు, ఆవులు అమ్మేసినందుకు.

ఇక నీళ్లు. ఈ విషయంలో మన తాలూకాలు తక్కిన ఊళ్లవంటివి కావు. చెరువులు ఎండిన ఏళ్లలో బోర్లు వెయ్యి అడుగులు దాటి దిగాయి. వెయ్యి లీటర్లను వెయ్యి అడుగుల లోతునుంచి పైకి తేవడానికి, మోటారు తరుగు కూడా కలుపుకుంటే, దాదాపు రెండు యూనిట్లు కాలుతాయి. అంటే సొంత బోరున్న ఇంట్లో రోజుకొక వెయ్యి లీటర్లు వాడితే నెలకు 60 యూనిట్లు నీళ్ల కిందే పోయాయి. ఇంట్లో ఫ్యాన్లన్నీ కలిసి తినేదానికంటే ఇది ఎక్కువ కావచ్చు. మిద్దెమీద తొట్టి నిండి గంగమ్మ జాతరలా పారుతుంటే పోయేది నీళ్లు ఒక్కటే కాదు. నీటిమీద తేలే బంతి కవాటం కన్నా కొంచెం ఎక్కువ ఖర్చు పెట్టి, తొట్టి నిండగానే మోటారు తనంతట ఆగే పరికరం వేయించడం మేలు. వానాకాలంలో మిద్దె నీళ్లు సంపులోకి మళ్లించుకున్న ఇల్లు ఆ నెలల్లో ఆ బరువంతా ఎత్తకుండానే బతుకుతుంది.

ఎండాకాలం బిల్లుకు మూలం మన సిమెంటు కప్పు. పగలంతా ఎండ తాగి రాత్రి పదింటిదాకా గదిలోకి వదులుతుంది. పాత మట్టిమిద్దెలకు ఈ గుణం లేదు, బండల మిద్దెలకు కొంత ఉంది. పడగొట్టి కట్టలేం గాని మిద్దెకు తెల్లసున్నమో, చలువ రంగో వేయించవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఈ చలువ కప్పుల కోసం ఒక విధానమే తెచ్చింది. కప్పు వేడి తగ్గాక ఫ్యాను చాలుతుంది. పాత ఫ్యాను 75 వాట్లు, కొత్త బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దరిదాపు. రోజుకు పన్నెండు గంటలు తిరిగితే నెలకు ఒక్కో ఫ్యానుకు 16 యూనిట్లు మిగులుతాయి. ఏసీ పెట్టుకున్నవాళ్లు 24 డిగ్రీల కింద దించకుంటే చాలు.

ఇదంతా ఎందుకు, బిల్లు సున్నా వస్తోంది కదా అనేవాళ్లున్నారు. 2023 ఆగస్టు నుంచి గృహజ్యోతి కింద కర్ణాటకలో 200 యూనిట్ల వరకు ఉచితం. కానీ అందరికీ 200 కాదు. పథకం మొదలైనప్పుడు పెట్టిన లెక్క ప్రకారం 2022–23లో మీరు వాడిన సగటు మీద పది శాతం కలిపితే వచ్చేదే మీ హద్దు. సగటు వంద ఉన్న ఇంటికి 110. దాని పైన వాడింది కట్టాలి. 200 దాటితే మొత్తం బిల్లూ మీదే. కొత్తగా గీజరో బోరు మోటారో చేరిన ఇళ్లే చలికాలంలోనో ఎండల్లోనో ఆ గీత దాటుతున్నాయి. సున్నా బిల్లుకు ఇంకో దోషమూ ఉంది: యూనిట్లు ఎన్ని అయ్యాయో చూసే అలవాటు పోతోంది. 2024లో కేంద్రం తెచ్చిన సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్ల మిద్దె పలకలకు 78,000 రూపాయల సాయం ఉన్నా, బిల్లే రానివాడు పలకలెందుకు వేస్తాడు?

అమెరికాలో ఉన్న మనవాళ్లకు లెక్కలు వేరే, తీరు ఒకటే. అక్కడ ఇంటి శక్తిలో సగానికి పైగా ఇల్లు వెచ్చబెట్టడానికి, చల్లబరచడానికే పోతుంది; నీళ్ల వేడికి ఐదోవంతుకు దగ్గర. పనికి వెళ్లిన ఎనిమిది గంటలు థర్మోస్టాట్‌ను ఏడు నుంచి పది ఫారన్‌హీట్ డిగ్రీలు మార్చి ఉంచితే ఏడాదికి పది శాతం దాకా మిగులుతుందని వాళ్ల ఇంధన శాఖే చెబుతోంది. నీళ్ల హీటరుకు 120 ఫారన్‌హీట్ డిగ్రీలు చాలు.

ఊళ్లో అమ్మానాన్నల బిల్లు ఫోన్లో కట్టేసే పిల్లలు రూపాయలు చూసి వదిలేయకుండా యూనిట్లు రాసి పెట్టుకోండి. జనవరి, ఏప్రిల్, ఆగస్టు నెలలవి పక్కపక్కన పెడితే గీజరు ఎంత తిన్నదో, ఫ్యాన్లు ఎంత తిన్నాయో విడిగా తెలుస్తుంది. మూడు నెలల్లోనూ తగ్గకుండా ఉంటే మోటారునో, కారుతున్న గొట్టాన్నో, పాత ఫ్రిజ్జునో అనుమానించాలి. పండగకు వచ్చినప్పుడు ఇంట్లో స్విచ్చులన్నీ ఆపి, మీటరు దగ్గర కాసేపు నిలబడి చూడండి. అప్పటికీ మీటరు మీది దీపం మిణుకుమంటుంటే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాలి, టీవీ కొనడం తర్వాత చూసుకోవచ్చు.