విద్యాలయపు గృహనిర్వహణము

నెలకు బియ్యమెంత, నూనె యెంత, పాలెన్ని అని లెక్క వ్రాసికొనని గృహస్థుడు మనలో అరుదు. విశ్వవిద్యాలయము కూడ ఒక పెద్ద సంసారమే. వేలకొలది విద్యార్థులు అచ్చట భుజింతురు, స్నానము చేయుదురు, రాత్రి చాలసేపు దీపములు వెలిగించుకొని చదువుకొందురు. కాని ఈ సంసారమునకొక విచిత్ర లక్షణము కలదు. మన యింటిలో దీపము వెలిగించువారే బిల్లును చెల్లింతురు. వసతిగృహములో వెలిగించువాడొకడు, చెల్లించువాడు వేరొకడు. బిల్లు కార్యాలయమునకు పోవును. మీటరు గోడవెనుక తిరుగుచుండును. విద్యార్థి దానినెన్నడును చూడడు. ఎవ్వరి కంటను పడని ఖర్చు ఎవ్వరికిని పట్టదు. ఈ చిక్కును విప్పుకొను మార్గమేమి? దానినే ఇపుడు మనము విచారింతము.

ఈ ఆలోచన లోకమున ఆరంభమై చాలకాలమైనది. 1972లో స్టాక్‌హోమ్ నగరమున ఐక్యరాజ్యసమితి మానవ పరిసరములను గూర్చి మహాసభ జరిపినది. 1990లో ఫ్రాన్సు దేశమున, అన్నెసీ సరస్సు ఒడ్డుననున్న తల్వార్ అను గ్రామములో కొందరు విశ్వవిద్యాలయాధిపతులు సమావేశమై పది సూత్రముల ప్రకటన చేసిరి. అందొకటి ముఖ్యమైనది: విద్యాలయము పరిసరరక్షణను బోధించుటతో తృప్తిపడరాదు, వనరులను పొదుపు చేసి, వ్యర్థములను తగ్గించి, తన నడవడియందే దానిని చూపవలెను. మన దేశమున 1991లో ఎం. సి. మెహతా వేసిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు పరిసరవిజ్ఞానమును విద్యార్థులందరకు బోధింపవలెనని ఆదేశించినది. పాఠము వచ్చినది. కాని పాఠము చెప్పి అందరును వెడలిపోయిన గదిలో ఫ్యానులు తిరుగుచునే యున్నచో, విద్యార్థి నేర్చుకొనునది పాఠమునా, ఫ్యానునా?

ఆ ఫ్యాను లెక్కనే చూతము. సాధారణమైన పాత ఫ్యాను సుమారు 75 వాట్ల శక్తిని వాడును. ఇటీవల వచ్చిన బ్రష్‌లేని మోటారు ఫ్యాను 30 వాట్లతో అంత గాలిని ఇచ్చును. వెయ్యి ఫ్యానులు దినమునకు 12 గంటలు తిరిగినచో పాతవి 900 యూనిట్లు, క్రొత్తవి 360 యూనిట్లు వాడును. దినమునకు 540 యూనిట్లు మిగులును. ఏటికి 200 దినములు లెక్కించినను 1,08,000 యూనిట్లగును. బొగ్గుతో ఇంత విద్యుత్తు పుట్టింపవలెనన్నచో సుమారు 70 టన్నుల బొగ్గును కాల్చవలెను. ఒక్క ఉపన్యాసమైనను లేకుండ, ఫ్యానులు మార్చుటచేతనే ఇది సాధ్యము. మేడలపై సౌరఫలకములు పరచుట మంచిదే. కాని వృథాను మాన్పిన పిమ్మటనే ఉత్పత్తిని పెంచుట వివేకము. చిల్లికుండలో నీరెంత పోసిన నేమి?

ఇక నీటి సంగతి. నగరవాసికి దినమునకు 135 లీటర్లు కావలెనని ప్రభుత్వపు ప్రమాణము. 3,000 మంది విద్యార్థులకు దినమునకు నాలుగు లక్షల లీటర్లకు పైగా కావలెను. హైదరాబాదులో ఏటి వర్షపాతము సుమారు 800 మిల్లీమీటర్లు. 10,000 చదరపు మీటర్ల కప్పుపై ఏడాదికి 80 లక్షల లీటర్లు కురియును. పెద్దమొత్తమే! కాని ఒక్క చుక్కయు పోకుండ పట్టినను అది ఆ విద్యార్థులకు ఇరువది దినములకు మాత్రమే చాలును. కావున కప్పులు చాలవు, నేల కావలెను. ఒక్క ఎకరము భూమిపై అదే వర్షము 32 లక్షల లీటర్ల నీటిని కురిపించును. చెట్టు, పొద, రాళ్ల సందులు ఆ నీటి వేగమును తగ్గించి కొంత భూమిలోనికి ఇంకించును. మిగిలినది కుంటలకు చేరును. అదియే సిమెంటు నేలయైనచో నీరు కాలువపాలగును.

తెలంగాణమున పశువులు మేయు పొదలనేలను కంచ యందురు. చూపునకది బీడు, పని చూచినచో నీటికొట్టు. 1974లో నెలకొన్న హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు మొదట సుమారు 2,300 ఎకరములు లభించినవి. తరువాతి దశాబ్దములలో కొంతభూమి ఇతర సంస్థలకు పోయినది. దాని ప్రక్కనే కంచ గచ్చిబౌలిలో 400 ఎకరముల భూమి కలదు. దుప్పులు, నెమళ్లు, నక్షత్రపు తాబేళ్లు తిరుగాడు ప్రదేశమది. 2025 మార్చి చివర రాష్ట్ర ప్రభుత్వ సంస్థ అభివృద్ధికై దానిని చదును చేయింపసాగగా, విద్యార్థులు ఎదురు నిలిచిరి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరకుటను ఆపివేసినది. అప్పటికే సుమారు 100 ఎకరములలో చెట్లు పోయినవి. భూమి ఎవరిదన్న వివాదమును న్యాయస్థానములు తేల్చవలసినదే. కాని మనకిందొక పాఠము కలదు. అచ్చట ఏమి యున్నదో, వానచుక్క ఎటు పోవుచున్నదో ముందుగా వ్రాసి పెట్టుకొనని భూమిని ఎవ్వరైనను ఖాళీ భూమి యనగలరు. పుస్తకాలయమునకు జాబితా యున్నట్లే చెట్టునకు, చెరువునకు, పక్షికి విద్యాలయమున జాబితా ఉండవలెను.

వాడిన నీటిలో సుమారు నూటికి ఎనుబది పాళ్లు మురుగుగా తిరిగి వచ్చును. దానిని శుద్ధి చేసినచో తోటలకును, మరుగుదొడ్లకును మంచినీరు వాడనక్కరలేదు. భోజనశాలలో మిగిలిన అన్నము వాయువుగా మారి పొయ్యిని వెలిగింపగలదు. అయితే తడిచెత్తతో ప్లాస్టిక్కును కలిపినచో రెండును చెడును. వేరుచేయుట విస్తరి ఎత్తునపుడే జరుగవలెను గాని, చెత్తకుప్ప వద్ద కాదు. పాతబడిన కంప్యూటరులలో సీసము మున్నగు విషలోహములు కలవు. వానిని పాతసామానుల వానికి తూచి అమ్ముట నిబంధనలకు విరుద్ధము, అపాయము కూడ.

ఇన్ని పనులను నడపుటకు కావలసినది నిర్వహణము. మొదటిది కొలత: ప్రతి భవనమునకు వేరు మీటరు. రెండవది లక్ష్యము: ఈ యేడు ఇంత, వచ్చు యేడు ఇంత. మూడవది బాధ్యత: అందరి పని ఎవ్వరి పనియు కాదు గనుక, పేరు పెట్టి ఒకరికి అప్పగింపవలెను. నాలుగవది ప్రకటన: ఏ వసతిగృహమెంత వాడినదో ప్రతి నెలయు గుమ్మమునందే వ్రాసి పెట్టవలెను. గోడవెనుక మీటరు అప్పుడు గోడముందునకు వచ్చును; మనము మొదట చెప్పుకొన్న చిక్కు అచ్చటనే విడును.

విశ్వవిద్యాలయమునకు బిడ్డలను పంపు తల్లిదండ్రులు అచ్చటి ఆచార్యులెవరని, పరీక్షాఫలితములెట్లున్నవని విచారింతురు. ఇకమీదట మరి రెండు ప్రశ్నలు కూడ అడుగుదము: ఇచ్చటి నీరు ఎందుండి వచ్చుచున్నది? ఇచ్చటి చెత్త ఎచ్చటికి పోవుచున్నది? జవాబు వెంటనే చెప్పగల విద్యాలయము తన యింటిని ఎరిగినదన్నమాట. అట్టిచోట మూడేండ్లు మెలగిన విద్యార్థి, గదిని విడుచునపుడు ఎవ్వరును చెప్పకయే మీట నొక్కి వచ్చును. రేపు అతడే ఒక కార్యాలయమును, ఒక పురపాలక సంఘమును నడపువాడగును.