ద్రౌపది ముఖం మారితే

మా ఐరాల ప్రాంతపు పల్లెల్లో భారతం అంటే పద్దెనిమిది రోజుల పని. ధర్మరాజుల గుడి ముందు పగలు హరికథ, రాత్రి వీధినాటకం. ఆఖరి రోజు మట్టి దుర్యోధనుడి వధ, అగ్నిగుండం. నా చిన్నతనంలో అట్లాంటి ఒక రాత్రి, వస్త్రాపహరణం నడుమ, ద్రౌపది వేషగాడికి గొంతు పూర్తిగా పోయింది. ఇద్దరు తెర పట్టారు. తెర దించేసరికి ద్రౌపది జానెడు పొడుగై, ఒళ్లు చేసి, గడ్డం గీసిన పచ్చదనంతో నిలబడింది. హాస్యగాడు మామూలుగానే “ఎవరమ్మా నువ్వు?” అన్నాడు. “పాంచాల రాజు కూతుర్ని” అన్నాడు కొత్త వేషగాడు. మా అవ్వ కళ్లు తుడుచుకోవడం ఆపలేదు.

ఆ రాత్రి ఎవరూ ఎందుకు అభ్యంతరం చెప్పలేదన్న ప్రశ్న నాకు సినిమాలు చూడటం మొదలుపెట్టాక గాని రాలేదు. వీధినాటకంలో పాత్ర ముఖంలో ఉండదు. కిరీటంలో, భుజకీర్తుల్లో, ప్రవేశ దరువులో, అంతకు మించి చూసేవాళ్ల జ్ఞాపకంలో ఉంటుంది. పాత్ర తానెవరో తానే చెప్పుకుంటుంది. చెప్పుకున్నాక ఆ మాటే రుజువు. పద్యనాటకం దీన్ని ఇంకా ముందుకు తీసుకుపోయింది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఆడేటప్పుడు ఒకే రాత్రి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు రావడం మామూలు. కథలో దానికి సంజాయిషీ ఒక్క ముక్క ఉండదు. అయితే దీన్ని చూసి మురిసిపోనక్కర లేదు. అక్కడ కంట్రాక్టరు పేరున్న గొంతులను టిక్కెట్టు మీద అమ్మాడు. జనం పద్యాలు బేరీజు వేసుకోవడానికే వచ్చారు. సరుకు అక్కడా ఉంది. కాకపోతే ఆ సరుకు గొంతు, ముఖం కాదు.

సినిమాలో కెమెరా ముఖం దగ్గరికి వచ్చింది. పెట్రోమాక్సు వెలుతురులో యాభై గజాల దూరాన కనిపించిన ద్రౌపది, తెర మీద కనురెప్ప వణుకు దాకా కనిపిస్తుంది. ఆ ముఖాన్నే వాల్‌పోస్టరు అమ్ముతుంది. కనుక ముఖం పోతే పాత్రా పోతుంది. 1963 నాటి ‘నర్తనశాల’లో ద్రౌపది సావిత్రి. 2004లో బాలకృష్ణ అదే కథను తన దర్శకత్వంలో మొదలుపెట్టినప్పుడు ద్రౌపది సౌందర్య. సావిత్రి చేసిన పాత్రను ఇంకొకరు చెయ్యడం ఎవరికీ వింత కాలేదు. కాని ఆ ఏడాది ఏప్రిల్ 17న సౌందర్య విమాన ప్రమాదంలో మరణిస్తే సినిమానే ఆగిపోయింది. తీసిన కొద్ది భాగం, పదిహేడు నిమిషాలు, 2020లో బయటికి వచ్చింది. రెండు సినిమాల్లో ఇద్దరు ద్రౌపదులు ఉండవచ్చు. ఒక సినిమాలో ఉండకూడదు. మా ఊరి భారతానికి ఈ నియమం తెలియదు.

సినిమాకు ఒక వెసులుబాటు ఉంది. విడుదలకు ముందైతే అతుకు కనపడకుండా మాయం చెయ్యవచ్చు. ‘మిస్సమ్మ’ (1955) మొదట భానుమతితో కొంత తీశారు. నిర్మాతలతో పొసగక ఆమె తప్పుకున్నారు. తీసిన రీళ్లు పక్కన పడ్డాయి. రెండో పాత్రకు అనుకున్న సావిత్రి మేరీ అయింది, ఆ రెండో పాత్ర జమునకు వచ్చింది. ఇవాళ ఆ సినిమా చూసేవాడికి దీని జాడ దొరకదు.

టీవీ సీరియల్‌కు ఆ వెసులుబాటు లేదు. నిన్నటి భాగం ఇప్పటికే ఇంటింటా చూసేశారు, రేపటిది ఆగదు. పారితోషికం పెంచమన్నా, డేట్లు కుదరకపోయినా, నటి ప్రసవానికి వెళ్లినా కథే పరిహారం చెల్లించాలి. అందుకే ప్రమాదం, కట్లు, ప్లాస్టిక్ సర్జరీ. లేదా మౌనం: అమెరికాలో ‘బివిచ్డ్’ 1969లో భర్త పాత్రధారిని మార్చి ఏమీ ఎరగనట్టు సాగిపోయింది. హిందీ ‘క్యోంకి సాస్ భీ కభీ బహూ థీ’లో మిహిర్ ముగ్గురు నటుల చేతులు మారాడు. ఆ మౌనమే నాకు నయమనిపిస్తుంది, అది కనీసం మన వీధినాటకానికి దూరపు చుట్టం. కట్లు విప్పే దృశ్యం మాత్రం జీతాల తగువును విధి వైపరీత్యంగా చూపే అబద్ధం.

అవసరాన్ని అర్థంగా మలిచినవాళ్లూ లేకపోలేదు. బ్రిటన్ ‘డాక్టర్ హూ’ 1966లో ముసలి నటుడు తప్పుకుంటే నాయకుడి దేహమే మారుతుందని కథలో రాసుకుంది. బున్యుయేల్ చివరి చిత్రంలో (1977) మొదట తీసుకున్న నటి షూటింగు మొదలయ్యాక తప్పుకుంటే, ఆ ఒక్క పాత్రను ఇద్దరు నటీమణులకు పంచాడు. ఆమె వెంటపడే ధనికుడికి తేడాయే తెలియదు. అతను ఆమెను ఎన్నడూ చూడలేదు గనుక. రచయితలు ఆగి చూడవలసిన చోటు ఇది. మన సీరియల్ రచయితకు ఈ అవకాశం చిక్కదు. నటి మారిన సంగతి అతనికే ఆఖర్న తెలుస్తుంది.

ఇప్పుడు ఇంకో దారి వచ్చింది. మనిషిని మార్చి ముఖాన్ని ఉంచుకోవడం. పాల్ వాకర్ మరణించాక ‘ఫ్యూరియస్ 7’ (2015)లో అతని తమ్ముళ్ల ఒళ్ల మీద కంప్యూటరు అతని ముఖం అతికించింది. 2023లో హాలీవుడ్ నటులు 118 రోజులు సమ్మె చేసినప్పుడు, తమ ముఖాల నకళ్లు ఎవరి సొత్తు అన్నది ముఖ్యమైన తగువుల్లో ఒకటి. కిరీటం ఎవరు పెట్టుకున్నా ద్రౌపదే అన్న మన పద్ధతికి ఇది సరిగ్గా తలకిందులు. ఇక్కడ ముఖమే కిరీటం, దాని కింద ఎవడున్నా కూలి లెక్కలోకి రాడు.

ఆ రాత్రి గొంతు పోయిన వేషగాడు చీర విప్పకుండానే మద్దెల పక్కన కూచుని తెల్లవార్లూ తాళం వేశాడు. పొద్దున అరుగు మీద డబ్బు పంచినప్పుడు ద్రౌపది వాటా రెండుగా లెక్కగట్టారు. ఇద్దరికీ సమానంగా ఇచ్చారా అని అడిగే వయసు నాకప్పుడు లేదు.