గీత చెదిరితే లెక్క తప్పుతుంది

2013లో జర్మనీలో ఒక భవనం ప్లానును జిరాక్స్ కంపెనీ యంత్రంలో స్కాన్ చేశారు. అందులో మూడు గదుల వైశాల్యాలు 14.13, 21.11, 17.42 చదరపు మీటర్లు. స్కాన్ ప్రతిలో మాత్రం మూడింటికీ 14.13 అనే వచ్చింది. అంకెలు మసకబారలేదు, చెదిరిపోలేదు. చక్కగా, తప్పుగా ఉన్నాయి. ఈ లోపాన్ని వెలుగులోకి తెచ్చినవారు కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు డేవిడ్ క్రీసెల్. ఫైలు సైజు తగ్గించడానికి యంత్రం ఒకే పోలికతో ఉన్న చిన్న ముక్కలను ఒకటేనని భావించి, ఒకదాని చోట మరొకటి పెట్టింది. తర్వాత కంపెనీ ఆ సాఫ్ట్‌వేర్‌ను సరిచేసింది.

ఫొటో నాణ్యత కాస్త తగ్గితే అందం తగ్గుతుంది, అంతే. డ్రాయింగ్ అలా కాదు. గోడ కట్టే మేస్త్రీ, ఇనుప భాగాన్ని తయారుచేసే టర్నర్ తమ చేతిలోని కాగితాన్నే నమ్ముతారు. అందులో 3 కాస్తా 8లా కనిపించినా, దశాంశ బిందువు మాయమై 2.5 కాస్తా 25 అయినా నష్టం వారి పనిలోనే బయటపడుతుంది. అందుకే కంప్యూటర్‌లో గీసిన డ్రాయింగ్‌ను ముద్రణకు పంపేటప్పుడు దాన్ని ఏ రూపంలో భద్రపరుస్తున్నామన్నది ముఖ్యం.

గీతలా, చుక్కలా?

ముగ్గు ఎలా వేయాలో చెప్పడం వేరు, వేసిన ముగ్గును ఫొటో తీయడం వేరు. ఏ చుక్క నుంచి ఏ చుక్కకు గీత కలపాలో తెలిస్తే ఎంత పెద్ద వాకిట్లోనైనా ముగ్గు వేయవచ్చు. ఫొటోను సాగదీస్తే మాత్రం మసకబారుతుంది. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో గీసిన గీత మొదటి రకం. అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, ఎంత మందంగా ఉంటుందో చెప్పే సమాచారం. దీన్నే వెక్టర్ అంటారు. పీడీఎఫ్, ఎస్‌వీజీ ఫైళ్లు ఈ సమాచారాన్ని అలాగే నిలపగలవు. జేపెగ్ లేదా పీఎన్‌జీగా మార్చగానే ఆ సమాచారం పోయి పిక్సెళ్లు మాత్రమే మిగులుతాయి.

పిక్సెళ్లే తప్పనిసరైతే సన్నని గీత నుంచి లెక్క మొదలుపెట్టాలి. ఇంజినీరింగ్ డ్రాయింగుల్లో 0.25 మిల్లీమీటర్ల గీత మామూలే. అంగుళానికి, అంటే 25.4 మిల్లీమీటర్లకు, 96 పిక్సెళ్లు ఉంటే ఆ గీతకు ఒక్క పిక్సెల్ కూడా పూర్తిగా దక్కదు. 300 ఉంటే సుమారు మూడు, 600 ఉంటే సుమారు ఆరు దక్కుతాయి. 300 లెక్కన ఏ4 కాగితం నిండాలంటే 2480×3508 పిక్సెళ్లు కావాలి. ఫొటోలో రంగులు క్రమంగా మారతాయి కాబట్టి 300 సరిపోతుంది. గీతల బొమ్మలో తెలుపు ఒక్కసారిగా నలుపవుతుంది. అందుకే ఇలాంటి చిత్రాలకు 600 లేదా అంతకంటే ఎక్కువ వాడతారు. చిన్న బొమ్మను తీసుకుని సెట్టింగ్‌లో అంకె పెంచినంత మాత్రాన కొత్త వివరాలు పుట్టుకురావు.

జేపెగ్‌తో చిక్కు

జేపెగ్ వెనుక ఉన్న గణితాన్ని 1974లో ప్రచురించినవారు నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కమిశెట్టి రామమోహన రావు. ఈ పద్ధతిలో బొమ్మను 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడదీసి, కంటికి అంతగా తెలియని వివరాలను తగ్గిస్తారు. ఫొటోలకు ఇది బాగా పనికొస్తుంది. పదునైన అంచులున్న చోట మాత్రం గీతల చుట్టూ, అంకెల చుట్టూ దుమ్ములాంటి మచ్చలు చేరతాయి. పీఎన్‌జీ ఏ పిక్సెల్‌నూ మార్చకుండానే ఫైలు సైజు తగ్గిస్తుంది. మెసేజింగ్ యాప్‌లో పంపేటప్పుడు కూడా డ్రాయింగ్‌ను ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపితే మేలు.

చివరి మెట్టు ప్రింటర్. ఏ3 డ్రాయింగ్‌ను ‘కాగితానికి సరిపోయేలా’ అన్న సెట్టింగ్‌తో ఏ4 మీద ముద్రిస్తే పొడవులు సుమారు 71 శాతానికి తగ్గుతాయి. 1:100 అని రాసి ఉన్న ప్లాను నిజానికి సుమారు 1:141 అవుతుంది. గీతలూ అదే మేరకు సన్నబడతాయి.

పంపే ముందు రెండు పరీక్షలు చాలు. పీడీఎఫ్‌ను తెరపై ఎనిమిది రెట్లు పెద్దది చేసి చూడాలి. అంచులు మెట్లుమెట్లుగా కనిపిస్తే లోపల ఉన్నవి గీతలు కావు, పిక్సెళ్లే. ప్లానులోనే 10 సెంటీమీటర్ల కొలత గీత ఒకటి ఉంచి, ముద్రించాక స్కేలుతో కొలవాలి.

జర్మనీ ప్లానులో గదులు వేర్వేరు సైజుల్లో కనిపిస్తున్నా అంకె ఒకటే ఉండటం వల్లే అనుమానం వచ్చింది. గీతలు సరిగ్గా ఉండబట్టే అంకె తప్పని తేలింది.