చర్మకారుడు విధికుడి రాయి

1898లో పిప్రహ్వా స్తూపంలో బుద్ధుని ధాతువులతో పాటు దొరికిన రత్నాలు 2025 జూలైలో దేశానికి తిరిగొచ్చాయి. దేశ వారసత్వం తిరిగొచ్చిందన్నారు. ఎవరి వారసత్వం?

కళాచరిత్ర చదివే మేము ఆ ప్రశ్నను అమరావతి స్తూపం దగ్గరికి తీసుకెళ్తాం. అక్కడి ఒక పూర్ణఘట ఫలకం మీద బ్రాహ్మీ లిపిలో దాత పేరుంది: ఉపాధ్యాయుడు నాగుని కొడుకు, చర్మకారుడు విధికుడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలతో కలిసి ఇచ్చిన దానమది. తోలుపని చేసే మనిషి తన వృత్తిని దాచుకోకుండా పవిత్ర స్తూపం రాతిపై చెక్కించుకున్నాడు.

అమరావతి శిల్పాలు నేడు లండన్, చెన్నై మ్యూజియాల్లో ఉన్నాయి. వాటిని తిరిగి తెమ్మని అడగాల్సిందే. తెచ్చాక పక్కన పెట్టే పలకపై రాజుల పేర్లతో పాటు విధికుడి పేరు, వృత్తి రాస్తారా అని కూడా అడుగుదాం.