ల్యాబ్‌లో కంటి రెటీనా పెంచేస్తున్నారు.. పోయిన చూపు తిరిగొస్తుందా? అసలు విషయం ఇదే..

కంటి వెనక భాగంలో పల్చటి పొరలా ఉండేదే రెటీనా. వెలుతురును పట్టి మెదడుకు సిగ్నల్ పంపేది ఇదే. ఇందులోని కణాలు చనిపోతే మళ్లీ పుట్టవు. రేచీకటితో మొదలై మెల్లగా చూపును తినేసే రెటినైటిస్ పిగ్మెంటోసాలో జరిగేది అదే. అందుకే సైంటిస్టులు రెటీనానే ల్యాబ్‌లో పెంచుతున్నారు.

ఎలా పెంచుతారు?

మనిషి చర్మం లేదా రక్తంలోని కణాలను తీసుకుని స్టెమ్ సెల్స్‌గా మారుస్తారు. పోషకాలున్న ద్రవంలో పెడితే అవి ముద్దగా చేరి, వాటంతట అవే రెటీనా పొరలుగా ఏర్పడతాయి. వీటినే రెటీనా ఆర్గనాయిడ్లు అంటారు. సైజు కొన్ని మిల్లీమీటర్లే. 2011లో జపాన్‌లోని రికెన్ సంస్థలో యోషికి ససాయ్ టీమ్ ఎలుక కణాలతో, 2012లో మనిషి కణాలతో దీన్ని సాధించింది.

నెలల తరబడి ఎందుకు?

తల్లి కడుపులో రెటీనా తయారవడానికి ఎంత టైమ్ పడుతుందో, ల్యాబ్‌లోనూ దాదాపు అంతే పడుతుంది. 2014లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ టీమ్ పెంచిన రెటీనా వెలుతురుకు స్పందించే దశకు రావడానికి ఆరు నెలలకు పైనే పట్టింది. 2018లో అదే యూనివర్సిటీ పరిశోధనలో ఇంకో విషయం తేలింది. ముందు నీలం రంగును గుర్తించే కణాలు వస్తాయి, ఎరుపు, ఆకుపచ్చను గుర్తించేవి ఆ తర్వాతే. ఈ వరసను నడిపించేది థైరాయిడ్ హార్మోన్.

అన్నాళ్లూ రెండు మూడు రోజులకోసారి ద్రవం మార్చాలి. మధ్యలో ఇన్ఫెక్షన్ వస్తే నెలల కష్టం వృథా.

పెద్ద చిక్కు ఇక్కడే..

ఈ కణజాలానికి రక్తనాళాలు ఉండవు. దాంతో ఆక్సిజన్ లోపలిదాకా అందదు. మెదడుకు సిగ్నల్ మోసుకెళ్లాల్సిన గాంగ్లియన్ కణాలు ఉండేది లోపలే. అవి రోజులు గడిచేకొద్దీ చనిపోతాయి. అంటే బయటి పొర పూర్తిగా తయారయ్యేసరికి, లోపలి పొర దెబ్బతింటోంది.

మరి చూపు వస్తుందా?

జపాన్‌లోని కోబె ఐ సెంటర్‌లో 2020లో మొదలుపెట్టి ఇద్దరు పేషెంట్లకు ల్యాబ్‌లో పెంచిన రెటీనా ముక్కలు అమర్చారు. రెండేళ్ల తర్వాత కూడా అవి నిలకడగానే ఉన్నాయి. కానీ పోయిన చూపు మాత్రం తిరిగి రాలేదు. ప్రస్తుతానికి ఆర్గనాయిడ్లు ఎక్కువగా ఉపయోగపడేది జబ్బును అర్థం చేసుకోవడానికి, కొత్త మందులు, జీన్ థెరపీలను పరీక్షించడానికి. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ ఐ ఇన్‌స్టిట్యూట్‌లోనూ స్టెమ్ సెల్స్‌తో కంటి కణజాలాన్ని పెంచే పరిశోధనలు జరిగాయి.

జాగ్రత్త!

స్టెమ్ సెల్స్‌తో చూపు తెప్పిస్తామనే ప్రకటనలు చూసి డబ్బు కట్టొద్దు. అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక క్లినిక్‌లో ఇలాంటి ఇంజెక్షన్లు చేయించుకున్న ముగ్గురు మహిళలు ఉన్న చూపు కూడా పోగొట్టుకున్నారు. ఏం చేయాలన్నా ముందు రెటీనా స్పెషలిస్టును అడగడమే మంచిది.