ఇనుము నతుకు విద్య

గడచిన వేసవిలో నొకనాటి రాత్రి రెండు జాములు దాటిన పిమ్మట మా వీథి తలుపు తట్టిన చప్పుడు వినబడెను. తెఱచి చూడగా పొరుగింటి యిల్లాలు. "అక్కా, మా పోరడు కండ్లు తెరుస్తలేడు. మిరప్పొడి కొట్టినట్టు మండుతున్నయంటడు. పాలిచ్చే తల్లి ఎవరన్న ఉంటే నాలుగు చుక్కలు పోపిద్దామని వచ్చిన" అని యామె కన్నీరు పెట్టుకొనెను.

పిల్లవానికి పందొమ్మిదేండ్లు. జనగామలో గేట్లును, కిటికీ చువ్వలును చేయు నొక దుకాణమునకు నెలదినములుగా పనికి పోవుచున్నాడు. ఆనాడు మేస్త్రి వెల్డింగు చేయుచుండగా నల్లద్దము లేకయే ప్రక్కను నిలిచి యినుము పట్టుకొనెనట. పగలేమియు తోచలేదు. అన్నము తిని పండుకొనిన తరువాత బాధ తలయెత్తినది.

వెల్డింగు వెలుతురులో కంటికి గోచరింపని అతినీలలోహిత కిరణములు గలవు. రోహిణి యెండ యొడలిని కమలజేసినట్లే యవి కంటి పైపొరను కమలజేయును. ఆ బాధ కొన్ని గంటలు గడచిన పిదపగాని తెలియదు. చనుబాలు, ఆకుపసరు, తేనె మొదలగు వానిని కంటిలో వేయరాదు. మూసిన ఱెప్పలపై చల్లని తడిగుడ్డ వేసి, చీకటి గదిలో పండుకొనబెట్టి, తెల్లవారగనే నేత్రవైద్యునికి చూపవలెను. తఱచుగా ఒకటి రెండు దినములలో నది నెమ్మదించును. ఇనుప రజను కంటిలో దూరినచో మాత్రము దానిని వైద్యుడే తీయవలెను.

కండ్లు బాగైన పిమ్మట నామె నన్నడిగిన ప్రశ్న యొక్కటే: "ఈ పని మాన్పియ్యాల్నా, అక్కా?" వెంటనే జవాబు చెప్పలేకపోతిని. తెలిసినవారి నడిగి, కొంత చదివి, తుదకు "మాన్పించవద్దు చెల్లే, సరిగా నేర్పించు" మంటిని. ఎందుకట్లంటినో సోదరీమణులకు విన్నవించెదను.

మన కమ్మరి రెండినుప ముక్కలను కొలిమిలో తెల్లగా కాచి, దాగలిపై నుంచి, సమ్మెటతో మోది యతుకును. వెల్డింగునకు కొలిమి పనిలేదు. రాడ్డు కొనకును ఇనుమునకును నడుమ విద్యుత్తు మెఱపై నిలిచి రెంటిని కరగించును. రాడ్డుపై నున్న పూత కాలి పొగయై కరగిన లోహమునకు గాలి తగులనీయదు. మిగిలినది చిట్టెమై పైన గడ్డకట్టును. సుత్తితో చిట్టెమును రాల్చినగాని యతుకు బాగోగులు తెలియవు. రాల్చి చూచినను పైకి తీరుగా నుండి లోపల డొల్ల యైన యతుకులును గలవు. గేటున కట్టిది యున్నచో గేటు వ్రాలును. మేడమెట్లకో, రేకుల షెడ్డు దూలమునకో యున్నచో మనుష్యుల ప్రాణములే పోవును.

నేలపై పఱచిన పలకల నతుకుట కొలదికాలములోనే చేతికి వచ్చును. నడిమి మెట్టు అచ్చటనుండియే మొదలగును. నిలువుగా నున్న కంబమును అతుకునపుడు కరగిన లోహము క్రిందికి జాఱజూచును. తలపై నతుకునపుడు మీదనే రాలును. పలక మందమైనచో అంచులను ఏటవాలుగా చెక్కి, సందు కొలిచి విడిచి, పొరమీద పొర నింపవలెను. గట్టి పనులకు వాడు కొన్ని రాడ్లు మన వడియములవలె తేమ పీల్చును. వానిని ప్రత్యేకమైన పెట్టెలో సుమారు 300 డిగ్రీల వేడిని ఆరబెట్టకున్న అతుకు పగులును. స్లాబులో వేయు సలాకలను తోచినట్లు అతికినచో వాని బలము తగ్గును. ఇల్లు కట్టించు గృహిణులు దీనిని జ్ఞాపకముంచుకొందురు గాక.

గ్యాసుతో కోయు పని నాకు మిక్కిలి వింతగా దోచినది. మంట యినుమును కోయుచున్నదని నేననుకొంటిని. అట్లు కాదు. మంట యినుమును ఎఱ్ఱగా కాచుటకే; ఆపైన మీట నొక్కగా దూసికొనివచ్చు ప్రాణవాయువు తగిలి ఇనుమే కట్టెవలె మండి బూడిదయై యెగిరిపోవును. అందుచేతనే మన వంటింటి స్టెయిన్‌లెస్ గిన్నె యీ విధమున తెగదు. దానిపై నేర్పడు పొర యట్లు మండనీయదు.

ఈ విద్య మన ప్రాంతమునకు పరాయిది కాదు. జనగామ సమీపమున పెంబర్తిలో విశ్వకర్ములు ఇత్తడి రేకులను మలచి దేవాలయములకు వాహనములును, తొడుగులును చేయుచున్నారు. మహబూబాబాదు జిల్లా బయ్యారములో ఇనుపరాయి గలదు. 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టములో ఖమ్మము జిల్లాయందు ఉక్కు కర్మాగారము సాధ్యమగునో కాదో పరిశీలింపవలెనని వ్రాసిరి. బయ్యారము అప్పుడా జిల్లాలోనిదే. పదేండ్లు దాటినను కొలిమి రగులలేదు; దానికొఱకు మన పిల్లలు కాచుకొని కూర్చుండ పనిలేదు. భూపాలపల్లి చెంత చెల్పూరున 500, 600 మెగావాట్ల యంత్రములు రెండుగల కాకతీయ తాపవిద్యుత్కేంద్రమున్నది. అట్టి చోట ఆవిరి గొట్టములో నొక్క యతుకు కారినను యంత్రము నాపవలసివచ్చును. కావున ఆ గొట్టముల నతుకువారికి ప్రత్యేక పరీక్ష పెట్టుదురు. గేట్ల దుకాణమున చూచి నేర్చినవాడు, ఎంత చేయితిరిగినవాడైనను, ఆ గుమ్మము దాటలేడు.

నేర్చుకొనుటకు ఐ.టి.ఐ.లలో ఏడాది వెల్డరు శిక్షణ గలదు. కట్టడపు పనులు నేర్పుటకు 1998లో హైదరాబాదున జాతీయ నిర్మాణ సంస్థ, జనులు 'న్యాక్' అనునది, వెలసినది. ఆడపిల్లలును చేరవచ్చును. రెండవ ప్రపంచయుద్ధకాలమున బ్రిటనులోను, అమెరికాలోను స్త్రీలు ఓడల నతికిరి. మన యూళ్లలో అత్తగారలు ముక్కున వ్రేలు వేసికొందురేమోగాని, నిలుకడగల చేయియే యీ పనికి ముఖ్యము. ముగ్గు పెట్టినవారికి, లేసు అల్లినవారికి అది కొత్త గాదు.

ఇంటిలో మనము చేయవలసినదియు గలదు. పనికి పోవువానికి నైలాను, టెరిలీను బట్టలు తొడుగనీయరాదు. నిప్పురవ్వ పడిన కరగి చర్మమున కంటుకొనును. దళసరి నూలుబట్టయే మేలు. లాగు అంచులు మడువరాదు, ఆ మడతలో రవ్వలు నిలుచును. తలకు నూనె రాచిన చేతితో ప్రాణవాయువు సిలిండరు మూత త్రిప్పరాదని చెప్పుడు. ఆ వాయువు తగిలి నూనె భగ్గుమనును. ఖాళీది గదా యని కిరోసిను పీపాను అతుకనిచ్చుట మృత్యువును పిలుచుటయే. తుత్తునాగపు పూతగల గొట్టముల నతికిన రాత్రి చలిజ్వరము రావచ్చును. బెల్లము తినిన పొగ దిగునని యందురు. బెల్లము తినుటకు దోషము లేదు గాని అది మందు గాదు. గాలి పాఱు చోట పనిచేయుటయు, తగిన ముసుగు ధరించుటయు మందు. వెల్డింగు పొగ క్యాన్సరునకు హేతువని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చేరిన పరిశోధనమండలి 2017లో నిర్ణయించినది.

ఈ సంగతులన్నియు చెప్పినపుడు మా పొరుగింటి యిల్లాలు చాలసేపు మాటాడలేదు. తుదకు "ఆ నల్లద్దానికి నంబరు ఉంటదంట గదా, ఎంతది కొనాలె?" అని యడిగెను. పదికి తక్కువ గాకుండ చూడుమంటిని. పిల్లవాడు ఆగష్టులో శిక్షణాలయమున చేరినాడు. ఆమె వానికి రెండు నూలు చొక్కాలు కుట్టించి, రవ్వలు పడునని వాని జేబులు విప్పించివేసినది.