కరవది నుంచి కావేరికి

ఒంగోలులో దిగిన కొత్తవాళ్లు ముందు గిత్తల గురించి అడుగుతారు, ఆ తర్వాత అల్లూరయ్య మైసూరుపాకు ఎక్కడ దొరుకుతుందని. ఇక్కడి సంగీతం ఏమిటని అడిగేవాళ్లు అరుదు. అడిగినవాళ్లను మాత్రం చీరాల వైపు వెళ్లే రైలెక్కించి పక్క స్టేషన్లోనే దించెయ్యాలి. ఆ ఊరు కరవది.

నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా 1924లో అక్కడే పుట్టారు. మొదట తండ్రి దగ్గర, తర్వాత చిలకలూరిపేటలో ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నారు. మిర్చి, పత్తి పండే ఈ నేలమీద గుడి మేళం తరతరాలుగా ముస్లిం కుటుంబాల చేతిలో ఉంది. దేవుడి ఊరేగింపుకైనా, పెళ్లిపందిరికైనా వాళ్లే రావాలి. బయటివాళ్లు దీన్ని మతసామరస్యమని మెచ్చుకుంటారు. ఊళ్లోవాళ్లకు అంత పెద్దమాట అక్కర్లేదు, ముహూర్తానికి మేళం అందితే చాలు.

చినమౌలానా దారి మళ్లించింది టి.ఎన్.రాజరత్నం పిళ్లై వాద్యం. రాగాన్ని తొందరపడకుండా పొరపొరగా విప్పే ఆ తంజావూరు బాణీకి ఆయన మనసిచ్చేశారు. అప్పటికే మేళం వాయిస్తున్న మనిషి నాచ్చియార్‌కోయిల్ వెళ్లి రాజం, దురైకణ్ణు సోదరుల ముందు మళ్లీ శిష్యుడిగా కూర్చున్నారు. కొత్త ఊరి సంగీతాన్ని వినడమంటే ఇంతదాకా వెళ్లొచ్చన్నమాట! చివరికి కావేరి ఒడ్డున శ్రీరంగంలో స్థిరపడి, 1982లో శారదా నాదస్వర సంగీత ఆశ్రమం పెట్టారు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి వరించాయి. మరుసటి ఏడాదే కన్నుమూశారు.

ఆ దారిలో ఆయనకన్నా ముందు నడిచినవాళ్లున్నారు. త్యాగరాజు పూర్వీకులది కంభం దగ్గరి కాకర్ల, శ్యామశాస్త్రి పూర్వీకులది కంభమేనంటారు. వాళ్ల వంశాలు తెలుగును కావేరి ఒడ్డుకు చేర్చాయి. కరవది మనిషి అదే ఒడ్డున కూర్చుని, ఆ తెలుగు కీర్తనల్నే తమిళ గురువుల బాణీలో ఊదారు.

ఒంగోలులో మేళం వినాలంటే టికెట్ల హాలు వెతక్కండి. పెళ్లిళ్ల రోజుల్లో కల్యాణమండపానికి వెళ్లండి. ఇక్కడ పిలవని చుట్టానికి కూడా విస్తరి వేస్తారు. తాళి కట్టేటప్పుడు మోగే గట్టిమేళం అందరి చెవినా పడుతుంది, ఎవరూ వినరు. అసలు సరుకు అంతకుముందు, పీటల మీద తంతు సాగుతుండగా, వాద్యగాళ్లు తమ కోసం వాయించుకునే కాసేపట్లో ఉంటుంది. డీజేలొచ్చాక ఆ కాసేపు కూడా తగ్గిపోతోంది. డోలు పక్కన చేరి "ఇదేం రాగమండీ?" అని అడిగి చూడండి, తర్వాతి కీర్తన మీకోసమే వాయిస్తారు.

ఇంకాస్త దూరం పోగలిగితే పల్నాటి కారంపూడి ఉంది. వీరవిద్యావంతులు పాడే పల్నాటి వీరుల కథ కోసం అమెరికా నుంచి వచ్చిన జీన్ రోఘైర్ దాన్ని రికార్డు చేసుకుని, 1982లో ఇంగ్లిషు పుస్తకంగా తెచ్చాడు. ఆ కథ పాడే వీరుల ఉత్సవాలు అక్కడ కార్తీక అమావాస్యకు రాచగావు అనే తంతుతో మొదలై ఐదు రోజులు సాగుతాయి. ఒంగోలు నుంచి అద్దంకి, నరసరావుపేట మీదుగా వెళ్లాలి. కోడిపోరు పేరు విని నాలుగో రోజు చేరేవాళ్లకు మూడు రోజుల పాట దక్కదు.